ముందుకు లాగితే వెనకబడే చందమామలు

"శని చుట్టూ రెండు చందమామలు ఒక్క తొవ్వలనే తిరుగుతయని చదివిన. మరి గుద్దుకోవా సార్?" దేవరకొండ నుంచి పదో తరగతి పిల్లాడు అడిగిన ప్రశ్న ఇది. ఎంత మంచి ప్రశ్నో!

భయం సహేతుకమే. జానస్, ఎపిమీథియస్ అనే ఆ రెండూ శనికి సుమారు 1,51,000 కిలోమీటర్ల దూరంలో, 17 గంటలకు కాస్త తక్కువలో ఒక చుట్టు చుట్టేస్తాయి. రెండు దారుల మధ్య ఎడం 50 కిలోమీటర్లే. జానస్ అడ్డకొలత 180 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఎపిమీథియస్‌ది 116. పక్కనుంచి దాటిపోవడానికి చోటే లేదు.

వరికోత మిషన్లు రాకముందు కల్లంలో గుంజ చుట్టూ ఎడ్లను వరసగా బంతి కట్టి తిప్పేవాళ్లు. అన్నింటినీ ఒకే పలుపుకు కట్టేస్తారు కాబట్టి గుంజ పక్కది మెల్లగా అడుగేస్తుంది, చివరిది ఉరకాలి. ఆకాశంలో పలుపు లేదు. అక్కడ లోపలి ఎద్దుదే వడి, బయటిది నింపాది. కెప్లర్ మూడో నియమం ఇంతే, దాన్ని పిల్లలతో బట్టీ పట్టించి చంపేస్తున్నాం. ఏలినాటి శని ఏడున్నరేళ్లు ఉండటానికి కారణం కూడా ఇదే. సూర్యుడికి అంత దూరాన ఉన్న శని ఒక చుట్టుకు 29.5 ఏళ్లు తీసుకుంటుంది, రాశికి దాదాపు రెండున్నర, మూడు రాశులకు ఏడున్నర. అందులో ఎవరి మీదా పగ లేదు.

లోపలి ఎద్దు ఎపిమీథియస్ అనుకోండి. నాలుగేళ్లకు అది బయటి జానస్‌ను వెనక నుంచి అందుకోబోతుంది. జానస్ ఆకర్షణ దాన్ని ముందుకు లాగుతుంది. లాగితే దాని శక్తి పెరుగుతుంది, శక్తి పెరిగితే గుంజకు, అంటే శనికి, దూరం జరుగుతుంది, దూరం జరిగితే నడక మందగిస్తుంది! అటు జానస్, వెనక్కి లాగబడి, శక్తి పోగొట్టుకుని లోపలికి దిగుతుంది, వడి అందుకుని ముందుకు సాగిపోతుంది. ఇంకా పదివేల కిలోమీటర్లకు పైగా ఎడం ఉండగానే దారులు మారిపోతాయి. జానస్ బరువు దాదాపు నాలుగు రెట్లు కాబట్టి అది 20 కిలోమీటర్లు జరిగితే ఎపిమీథియస్ 80 జరుగుతుంది. 2006 జనవరిలో ఈ మార్పిడి జరిగినప్పుడు కాసీని అంతరిక్ష నౌక శని దగ్గరే ఉంది.

ఒకే దారిలో తిరిగేవాటిలో ఒకటి మరీ పెద్దదైతే కథ ఇంకో రకం. 1,060 కిలోమీటర్ల అడ్డకొలత ఉన్న టెథిస్ అనే శని చందమామకు 60 డిగ్రీల ముందు టెలెస్టో, 60 డిగ్రీల వెనక కాలిప్సో అనే బుల్లి చందమామలు నడుస్తాయి. ఈ చోట్లను గణితవేత్త లాగ్రాంజ్ 1772లోనే లెక్కగట్టాడు. టెథిస్‌తోపాటు తిరిగే చట్రంలో చూస్తే అక్కడ స్థితిశక్తి కనిష్ఠం కాదు, గరిష్ఠం, అంటే గుట్ట కొన లాంటిది. రాయి నిలవకూడదు. కానీ అది జారడం మొదలుపెట్టగానే తిరిగే చట్రంలో కదిలేదాన్ని పక్కకు మళ్లించే కొరియోలిస్ ప్రభావం దారిని వంచి, ఆ బిందువు చుట్టూనే తిప్పుతుంది. ఇందుకు గ్రహం బరువు పెద్ద చందమామకు కనీసం 25 రెట్లు ఉంటే చాలు. టెథిస్‌కన్నా శని 9 లక్షల రెట్లకు పైగా బరువు.

డయోనీ అనే మరో శని చందమామ వెనక ఉన్న పాలిడ్యూసిస్ మూడు కిలోమీటర్ల బుడత. 2004లో కాసీని చిత్రాల్లో దొరికింది. 60 దగ్గర నిలవక 34 డిగ్రీల నుంచి 91 దాకా ఊగుతుంది. బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా డయోనీకి రెండు లక్షల కిలోమీటర్ల అవతలే ఉంటుంది.