మాంట్రియల్‌లో ఇంగ్లీష్ ఒక్కటే వస్తే జాబ్ ఎందుకు కష్టం? దీని వెనక చాలా పాత గొడవ ఉంది

మాంట్రియల్ వచ్చిన మనవాళ్ళకి మొదటి వింటర్ గడవకముందే ఒక డౌట్ వస్తుంది. కాఫీ షాప్‌లో ఇంగ్లీష్‌లో అడిగితే ఇంగ్లీష్‌లోనే చెప్తారు, బ్యాంక్‌లో ఇబ్బంది లేదు, ఇంటి ఓనర్‌తో ఇబ్బంది లేదు, కాంకార్డియాలోనో మెక్‌గిల్‌లోనో చదువు మొత్తం ఇంగ్లీష్‌లోనే అయిపోయింది, తీరా రెజ్యుమే పట్టుకుని బయల్దేరితే ఎక్కడ చూసినా ఫ్రెంచ్ తప్పనిసరి అంటారు. ఊళ్ళో అందరికీ ఇంగ్లీష్ వచ్చినప్పుడు నాకు ఫ్రెంచ్ ఎందుకు అని అడుగుతారు. కొందరు రేసిజం అంటారు, కొందరు ఫ్రెంచోళ్ళ పొగరు అంటారు. అక్కడక్కడా అవీ ఉంటాయేమో, నేను కాదనను, కానీ అసలు కథ వేరు. ఈ రూల్స్ మనల్ని చూసి రాసినవి కావు. మనకంటే ముందు ఆ ఊళ్ళో ఇంగ్లీష్‌తో పెత్తనం చేసినవాళ్ళని చూసి రాశారు. వాళ్ళలో చాలామంది ఎప్పుడో టొరంటో వెళ్ళిపోయారు, రూల్స్ మాత్రం ఉన్నాయి. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, ఇప్పుడు దెబ్బ తగిలేది ఇంగ్లీష్ తప్ప ఇంకేం చేతిలో లేకుండా దిగినవాడికి.

ముందు ఒక క్లారిటీ. 1969 చట్టంతో కెనడా ఫెడరల్ గవర్నమెంట్‌కి రెండు అఫీషియల్ భాషలు. మాంట్రియల్ ఉన్న క్యుబెక్ ప్రావిన్స్‌కి మాత్రం 1974 నుంచీ ఒక్కటే, ఫ్రెంచ్. మాంట్రియల్ చుట్టుపక్కల జనంలో సగం మందికి పైగా రెండూ మాట్లాడగలరు, కాబట్టి వీధిలో అది రెండు భాషల ఊరే, కాగితం మీద కాదు. ఇంకో సంగతి, రెండూ వచ్చినవాళ్ళు అంతమంది దొరుకుతుంటే ఒక్కటే వచ్చినవాడిని కంపెనీ ఎందుకు తీసుకోవాలి? చట్టం లేకపోయినా ఈ లెక్క ఉంటుంది.

ఇక పాత కథలోకి వెళ్తే, ఊరిని 1642లో కట్టింది ఫ్రెంచ్ వాళ్ళు, 1760లో బ్రిటిష్ సైన్యం తీసుకుంది. అప్పట్నుంచి వ్యాపారం స్కాటిష్, ఇంగ్లీష్ వర్తకుల చేతిలోకి పోయింది. ముందు బొచ్చుతోళ్ళ వ్యాపారం, 1817లో బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్, 1825లో లషీన్ కాలువ, తర్వాత రైల్వేలు. 19వ శతాబ్దం మధ్యలో కొన్నేళ్ళు ఊళ్ళో ఇంగ్లీష్ మాట్లాడేవాళ్ళే మెజారిటీ కూడా. తర్వాత పల్లెల నుంచి ఫ్రెంచ్ కుటుంబాలు ఫ్యాక్టరీ పనులకి దిగడంతో సంఖ్య తిరగబడింది, కుర్చీలు మాత్రం మారలేదు. సెయింట్ లారెంట్ బూల్వార్డ్‌కి పడమర ఇంగ్లీష్, తూర్పున ఫ్రెంచ్, మధ్యలో వలస వచ్చిన యూదులు, ఇటాలియన్లు, గ్రీకులు, దాదాపు ఊరంతా ఇలాగే పంచుకున్నట్టు ఉండేది. ఓనర్ ఇంగ్లీష్, కూలీ ఫ్రెంచ్. ఫ్రెంచ్‌లో మాట్లాడితే "తెల్లవాళ్ళ భాష మాట్లాడు" అని తిట్టడం కూడా ఉండేది, వాళ్ళూ తెల్లవాళ్ళే అయినా సరే.

1962లో జరిగిన ఒక సంగతి చెప్తే ఆ కోపం ఎలాంటిదో అర్థమవుతుంది. కెనడియన్ నేషనల్ రైల్వేస్ అంటే గవర్నమెంట్ కంపెనీ, హెడ్డాఫీసు మాంట్రియల్‌లోనే. దాని ప్రెసిడెంట్ డొనాల్డ్ గోర్డన్‌ని పార్లమెంట్ కమిటీలో అడిగారు, మీ 17 మంది వైస్ ప్రెసిడెంట్లలో ఒక్క ఫ్రెంచ్ కెనడియన్ కూడా ఎందుకు లేడు అని. ఆయన ప్రమోషన్లు మెరిట్ చూసే ఇస్తాం అన్నాడు. అంటే ఫ్రెంచ్ వాళ్ళలో మెరిట్ ఉన్నవాడు ఒక్కడూ దొరకలేదనే కదా అర్థం. స్టూడెంట్లు రోడ్డెక్కారు, ఆయన దిష్టిబొమ్మ తగలబెట్టారు. మెరిట్ అనే మాట ఎక్కడ విన్నా ఎవరు ఎవరితో అంటున్నారో చూసుకోవాలి, అది మన దగ్గరా తెలిసిందే.

ఆ మరుసటి ఏడాదే ఫెడరల్ గవర్నమెంట్ భాషల మీద ఒక రాయల్ కమిషన్ వేసింది. వాళ్ళు 1961 లెక్కలు తీసి చూస్తే క్యుబెక్‌లో 14 జాతుల మగవాళ్ళ జీతాలు వరసలో పెడితే ఫ్రెంచ్ కెనడియన్లు 12వ స్థానంలో ఉన్నారు, వాళ్ళ కింద ఇటాలియన్లు, ఆదివాసులు మాత్రమే. అదీ సొంత ప్రావిన్స్‌లో, జనాభాలో దాదాపు ఎనభై శాతం తామే అయ్యుండి. ఇంకా మంట పుట్టించే లెక్క ఏంటంటే, రెండు భాషలూ నేర్చుకున్న ఫ్రెంచ్ వాడి కంటే ఇంగ్లీష్ ఒక్కటే వచ్చిన ఇంగ్లీషాయన ఎక్కువ సంపాదిస్తున్నాడు. అంటే ఒకప్పుడు ఇంగ్లీష్ ఒక్కటి వస్తే మాంట్రియల్‌లో జాబ్ దొరకడం కాదు, మంచి జాబే దొరికేది. ఇప్పుడు మనం పడుతున్న కష్టం ఆ లెక్కని తిరగేయాలని చేసిన పనుల ఫలితం.

వలస వచ్చినవాళ్ళు ఈ కథలోకి ఎలా వచ్చారంటే పిల్లల స్కూళ్ళ వల్ల. ఉద్యోగాలు ఇంగ్లీష్‌లో ఉన్నాయి కాబట్టి ఇటాలియన్ తల్లిదండ్రులు పిల్లల్ని ఇంగ్లీష్ చదువులోనే వేసేవాళ్ళు, మనం ఉన్నా అదే చేసేవాళ్ళం. ఫ్రెంచ్ కుటుంబాల్లో జననాల రేటు పడిపోతోంది, వచ్చే వలస కుటుంబాల్లో ఎక్కువమంది ఇంగ్లీష్ వైపే పోతున్నారు, ఇలాగే సాగితే ఊరు చేజారిపోతుందని భయం పట్టుకుంది. 1968లో సెయింట్ లెనార్డ్ అనే శివారులో స్కూల్ బోర్డ్ ఇటాలియన్ పిల్లల రెండు భాషల క్లాసులు తీసేయడంతో మొదలైన గొడవ మరుసటి ఏడాది వీధి కొట్లాటల దాకా పోయింది. 1969 అంటే మనకి జై తెలంగాణ గుర్తొస్తుంది, మా ఊళ్ళో మా ఉద్యోగాలు అనే గొడవే. అదే ఏడాది మార్చిలో మాంట్రియల్‌లో దాదాపు పదివేల మంది మెక్‌గిల్ యూనివర్సిటీ గేటు ముందుకొచ్చి దీన్ని ఫ్రెంచ్ యూనివర్సిటీ చెయ్యాలని అరిచారు.

1976లో క్యుబెక్‌ని విడి దేశం చెయ్యాలనే రెనె లెవెక్ పార్టీ ప్రావిన్స్ ఎన్నికల్లో గెలిచింది, 1977 ఆగస్టులో బిల్ 101 అనే ఫ్రెంచ్ భాషా చట్టం వచ్చింది. దాన్ని నడిపించిన మంత్రి కమీయ్ లోరాన్ సైకియాట్రిస్ట్, జాతి ఆత్మగౌరవానికి ట్రీట్‌మెంట్ ఇస్తున్నట్టే పట్టుదలగా చేశాడంటారు. వలస పిల్లలు ఫ్రెంచ్ స్కూళ్ళకే వెళ్ళాలి, 50 మంది దాటిన కంపెనీ లోపల పనంతా ఫ్రెంచ్‌లో నడుస్తోందని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, పనికి నిజంగా అవసరమైతే తప్ప ఓనర్ ఫ్రెంచ్ కాని భాష అడక్కూడదు. నర్సులు, ఇంజినీర్ల లాంటి లైసెన్స్ ఉండే వృత్తులకి ఫ్రెంచ్ పరీక్ష. ఇవి ఈ రోజుకీ ఉన్నాయి. 1978 జనవరిలో సన్ లైఫ్ ఇన్సూరెన్స్ హెడ్డాఫీసు టొరంటో మారుస్తామని ప్రకటించింది, ఆ ఐదారేళ్ళలో లక్షకు పైగా ఇంగ్లీష్ వాళ్ళు ప్రావిన్స్ వదిలిపోయారు. ఆ కుర్చీల్లోకి చదువుకున్న ఫ్రెంచ్ కుర్రాళ్ళు వచ్చారు. అప్పటికే హైడ్రో క్యుబెక్ లాంటి గవర్నమెంట్ కంపెనీలో పెద్ద పెద్ద డ్యాముల ఇంజినీరింగ్ మొత్తం ఫ్రెంచ్‌లో చేసి చూపించారు, అది వాళ్ళకి బాగా ధైర్యం ఇచ్చింది. తర్వాత క్యుబెక్ విడిపోవాలా వద్దా అని రెండు రెఫరెండాలు, 1995లో దాదాపు ఒక శాతం తేడాతో దేశం నిలబడింది, ఆ రాజకీయం ఇక్కడ వదిలేద్దాం.

మనకి పనికొచ్చే మలుపు 1997. గేమ్ కంపెనీ యూబీసాఫ్ట్ జీతాల మీద గవర్నమెంట్ సబ్సిడీతో మాంట్రియల్‌లో స్టూడియో పెట్టింది, వెనకాలే మిగతా స్టూడియోలు, విజువల్ ఎఫెక్ట్స్, తర్వాత ఇక్కడి ఏఐ సైంటిస్ట్ యోషువా బెంజియో పుణ్యమా అని ఏఐ ల్యాబులు వచ్చాయి. వీటికి ప్రపంచం నలుమూలల నుంచి మనుషులు కావాలి, కోడ్‌కి ఫ్రెంచ్ అక్కర్లేదు, కస్టమర్ ఎక్కడో అమెరికాలో ఉంటాడు. "ఇంగ్లీష్‌తో గడిచిపోతుంది బ్రో, వచ్చెయ్" అనే సీనియర్ల సలహా పుట్టింది ఈ కాలంలోనే, అప్పటికి అది అబద్ధం కూడా కాదు. ఇంకోపక్క 1991 ఒప్పందంతో ఎకనామిక్ ఇమ్మిగ్రెంట్లని ఎంచుకునే హక్కు క్యుబెక్‌కే వచ్చింది కాబట్టి అల్జీరియా, మొరాకో, హైతీ, పశ్చిమ ఆఫ్రికా నుంచి ఫ్రెంచ్ వచ్చినవాళ్ళు బాగా దిగారు. మన పక్కనే క్యూలో నిలబడే క్యాండిడేట్ వాళ్ళే, చాలామందికి ఇంగ్లీష్ కూడా వచ్చు.

2021 నవంబర్‌లో ఎయిర్ కెనడా సీఈఓ మైకేల్ రూసో మాంట్రియల్ చాంబర్ ఆఫ్ కామర్స్‌లో దాదాపు మొత్తం ఇంగ్లీష్‌లో స్పీచ్ ఇచ్చి, బయట రిపోర్టర్లతో 14 ఏళ్ళుగా ఫ్రెంచ్ లేకుండానే ఈ ఊళ్ళో బతికాను, అది ఈ ఊరి గొప్పతనం అన్నట్టు మాట్లాడాడు. 1962 మళ్ళీ వచ్చినట్టయింది ఫ్రెంచ్ వాళ్ళకి. క్షమాపణ చెప్పాడు, అప్పుడు ఉద్యోగం పోలేదు. బిల్ 101ని ఇంకా గట్టి చెయ్యడానికి అప్పటికే అసెంబ్లీలో ఉన్న బిల్ 96 మరుసటి ఏడాది మేలో పాసయ్యింది. పెద్ద సీఈఓకి ఏమీ కాలేదు, చిన్న స్టార్టప్‌లో జాబ్ వెతికేవాడికి అయ్యింది, నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఎందుకంటే 2025 జూన్ నుంచి 25 మంది ఉన్న కంపెనీలకీ ఆ సర్టిఫికెట్ రూల్ వచ్చింది, ఇంగ్లీష్ ఒక్కటితో తలదాచుకునే చోట్లు ఎక్కువగా ఆ సైజు కంపెనీలే. కొత్తగా వచ్చినవాళ్ళతో గవర్నమెంట్ ఆఫీసులు ఆరు నెలల తర్వాత, హెల్త్ లాంటి కొన్ని మినహాయింపులు పోను, ఫ్రెంచ్‌లోనే మాట్లాడాలి. ఆరు నెలల్లో ఎవరికి వస్తుంది భాష, అదీ రాత్రిళ్ళు వేర్‌హౌస్ షిఫ్ట్ చేస్తూ?

2021 జనగణనలో క్యుబెక్ ఇంగ్లీష్ వాళ్ళలో నిరుద్యోగం 10.9 శాతం, ఫ్రెంచ్ వాళ్ళలో 6.9. 1961 లెక్కల పక్కన పెట్టి చూడండి. పాత బాస్‌ల వారసులు కొంతమందే ఇందులో, మాంట్రియల్ పార్క్ ఎక్స్‌టెన్షన్ ఏరియాలో బేస్‌మెంట్ అద్దెకి తీసుకున్న మనలాంటి వాళ్ళూ ఈ లెక్కలోనే ఉన్నారు.

గవర్నమెంట్ ఫ్రీగా ఫ్రెంచ్ నేర్పుతుంది, 2023లో దీనికోసమే ఫ్రాన్సిజాసియోన్ క్యుబెక్ అని పెట్టారు, తీరా 2024లో బడ్జెట్ లేదని చాలాచోట్ల క్లాసులు ఆపేశారు. నేర్చుకోమని చట్టం, నేర్పడానికి డబ్బుల్లేవు. చదువయ్యాక మాట్లాడే ఫ్రెంచ్‌లో లెవెల్ 7 చూపిస్తే పీఆర్‌కి, అంటే పర్మనెంట్ రెసిడెన్సీకి, దారి ఇచ్చే పెక్ అనే ప్రోగ్రామ్ 2010 నుంచీ ఉండేది. 2023 చివర్లో గ్రాడ్యుయేట్లకి చదువే ఫ్రెంచ్‌లో అయ్యుండాలన్నారు, 2024 అక్టోబర్‌లో ఆ దారి ఆపారు, 2025 నవంబర్‌లో ప్రోగ్రామే ఎత్తేశారు. దాన్ని నమ్ముకుని ఫ్రెంచ్ నేర్చుకున్నవాళ్ళు మధ్యలో ఇరుక్కున్నారు.

అలా ఇరుక్కున్నవాళ్ళకి ఇప్పుడు కనిపిస్తున్న దారి ఒట్టావా వైపు, అంటే ఫెడరల్ గవర్నమెంట్ వైపుంది. పాయింట్లు చూసి పీఆర్‌కి పిలిచే ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకి 2023 నుంచి విడిగా డ్రాలు తీస్తున్నారు, 2025 మార్చిలో కటాఫ్ 379 పాయింట్లకి దిగింది, అదే ఏడాది కెనడాలో పనిచేసినవాళ్ళ కోసం తీసే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ డ్రాల్లో 500 దాటితే గానీ పిలుపు రాలేదు. టొరంటోలో ఉన్న మన కోడర్లు కూడా అందుకే టెఫ్ అనే ఫ్రెంచ్ పరీక్షకి చదువుతున్నారు. అయితే ఈ దారిలో పీఆర్ కావాలంటే క్యుబెక్ బయట స్థిరపడతానని చెప్పాలి. మాంట్రియల్‌లో జాబ్ కోసం నేర్చుకున్న ఫ్రెంచ్‌తో కొంతమంది టొరంటో పక్కనున్న మిసిసాగాకి సామాను సర్దుకుంటున్నారు, అక్కడ ఆఫీసులో ఆ భాష అడిగేవాడు ఉండడు.