తోతాపురి: డ్రమ్ము ఆగుతుంది, కాయ ఆగదు

చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి ధర మాట మళ్లీ లేచింది. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని 2025 జూన్‌లో చెప్పారు. ఫ్యాక్టరీ వంతు 8 పూర్తిగా చేతికి రాలేదన్నది రైతుల గోడు. ఆ ధరకు కొంటే మునిగిపోతామన్నది గుజ్జు పరిశ్రమల వాదన. అప్పటి సంఘటనలన్నీ చదివినవే. జూన్ 7న పక్క రాష్ట్రాల కాయ రాకుండా కలెక్టర్ ఉత్తర్వు ఇచ్చారు, దానిమీద కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చంద్రబాబుకు లేఖ రాశారు. జులై 9న జగన్ బంగారుపాళ్యం వెళ్లినప్పుడు కొందరు కాయలు రోడ్డు మీద పారబోశారు. కోస్తాలో తోతాపురిని కలెక్టర్ మామిడి అంటారు. గొడవ కలెక్టర్ ఉత్తర్వుతో మొదలవడం యాదృచ్ఛికమే అనుకోండి.

అసలు ముడి ఆ జూన్‌లో పడింది కాదు. గుజ్జును నిల్వ చేసే పద్ధతి మారినప్పుడే పడింది.

వేరుశనగ వానల మీద జూదంగా మారాక చిత్తూరు రైతు మామిడి వైపు మళ్లాడు. ఒకసారి బతికితే చెట్టు తక్కువ నీటితో నెట్టుకొస్తుంది. ఏ రకం పెట్టాలన్నది మాత్రం ఫ్యాక్టరీ గేటే తేల్చింది. బేనిషా (బంగినపల్లి) తినడానికి, తోతాపురి గుజ్జుకు. పండు తోతాపురిని ఇష్టంగా కోసుకుని తినే ఇల్లు మన దగ్గర అరుదు. పచ్చికాయైతే ఉప్పూకారం అద్దుకుని తింటాం గానీ, దాంతో లక్షల టన్నులు ఖర్చవ్వవు కదా. కాయకు పీచు తక్కువ, గుజ్జు ఎక్కువ, పులుపు కూడా తగినంత ఉంటుంది. డ్రింకుల కంపెనీలకు అంతకన్నా ఏం కావాలి? 1985లో ఫ్రూటీ, అంతకు ముందు 1976లో మాజా వచ్చాయి. మాజా 1993లో కోకాకోలా చేతికి పోయింది. 2011లో ఆ కంపెనీ జైన్ ఇరిగేషన్‌తో కలిసి చిత్తూరులో అతిసాంద్ర పద్ధతి తోటలకు ప్రాజెక్టు మొదలుపెట్టింది. పాత లెక్కన ఎకరాకు 40 చెట్లు పెట్టే చోట 600కు పైగా పెట్టే పద్ధతి అది. పెట్టమన్నవాళ్లు చాలామంది ఉన్నారు. కాయ అంతా కొంటామని రాసిచ్చిన కాగితం మాత్రం ఎక్కువమంది రైతుల దగ్గర లేదు.

మొదట్లో గుజ్జును డబ్బాల్లో నింపేవారు. తర్వాత అసెప్టిక్ యంత్రాలు వచ్చాయి. గుజ్జును వేడి చేసి, చల్లార్చి, క్రిములు లేని సంచిలో నింపి, సంచిని ఇనుప డ్రమ్ములో పెడతారు. డ్రమ్ముకు దాదాపు 215 కిలోలు. కోల్డ్ స్టోరేజీ అక్కర్లేకుండానే అది ఏడాదిన్నర దాకా నిల్వ ఉంటుంది. చెట్టు నుంచి కోసిన కాయ వారం దాటితే మెత్తబడుతుంది. కోత రెండు నెలల్లో అయిపోతుంది. బేరానికి కూర్చున్న ఇద్దరిలో ఒకరికి నెలల గడువు, ఇంకొకరికి రోజుల గడువు. కాయ కొనే ర్యాంపు దగ్గర రాత్రంతా ట్రాక్టర్ మీద పడుకున్న రైతుకు ఇది ఎవరూ వివరించనక్కర్లేదు. ఉదయానికి కాయ రంగు మారితే ధరా మారుతుంది.

2025లో పరిశ్రమలు చెప్పిందీ ఇదే లెక్క, వాళ్ల వైపు నుంచి. 2024లో కాపు తక్కువ, ధర ఎక్కువ. అప్పుడు ఖరీదుగా కొన్న గుజ్జు డ్రమ్ముల్లోనే ఉండిపోయింది. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు జరగడంతో ఎగుమతులూ నెమ్మదించాయి. ఇవి కల్లలు కావు. కానీ కాపు లేనప్పటి మంచి ధర రైతుకు పెద్దగా కలిసిరాలేదు, కాపు ఉన్నప్పుడు పాత స్టాకు బరువంతా అతని మీదే పడింది.

చిన్న లెక్క చూడండి. రెడీ టు సర్వ్ పండ్ల పానీయంలో కనీసం 10 శాతం పండ్లరసం ఉండాలన్నది ఆహార భద్రతా సంస్థ నియమం. కిలో కాయకు సుమారు అరకిలో గుజ్జు వస్తుందనుకుంటే, 150 మిల్లీలీటర్ల ప్యాకెట్‌లోకి కనీసంగా వెళ్లేది 30 గ్రాముల కాయ. కిలో 8 రూపాయల చొప్పున అది 24 పైసలు. 12 అయితే 36 పైసలు. ఆ 12 పైసల తేడా కోసమే జిల్లా అంత టెన్షన్ పడింది. దాన్ని కంపెనీ కాకుండా ప్రభుత్వ ఖజానా భరించింది.

ఈ పండ్ల గుజ్జు పానీయాల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కూడా. కాకపోతే 2025 సెప్టెంబర్ 22 నుంచి. అప్పటికి తోటల్లో కాయ లేదు.

ఇదే జిల్లాలో చెరకు పండించేవాళ్లు. దానికి 1966 నాటి నియంత్రణ ఉత్తర్వు ఉంది: ధర కేంద్రం ప్రకటిస్తుంది, 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. (అయినా బకాయిలు పడ్డాయి, చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది, అది వేరే కథ.) మామిడికి ఆపాటి కాగితమూ లేదు. 8 రూపాయలన్నది సమావేశంలో కుదిరిన మాట. ఫ్యాక్టరీ తక్కువ ఇచ్చినా, ఆలస్యం చేసినా రైతు చూపించడానికి ఏ సెక్షనూ లేదు, అందుకే అర్జీ పట్టుకుని కలెక్టరేట్‌కు వెళ్తున్నాడు.