ఒక్క అణాతో మొదలైన బడి భోజనం

1920 సెప్టెంబరు 16న మద్రాసు కార్పొరేషన్ కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడి పిల్లలకు టిఫిను పెట్టాలి. ఖర్చు మాత్రం పిల్లవాడికి రోజుకు ఒక అణా మించకూడదు. అప్పటి కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి జస్టిస్ పార్టీ వ్యవస్థాపకుల్లో ఒకరు, దేవాంగ కుటుంబంలో పుట్టిన తెలుగువాడు. ఆ బడికి వచ్చేవాళ్లు నిరుపేదలు, ఆ పేదరికం వల్లే బడిలో పిల్లలు నిలవడం లేదన్నది ఆయన వాదన.

బడి భోజనం చరిత్రను చాలామంది కరుణ గాథగా చెబుతారు. నాకు మాత్రం అది మొదటినుంచీ పద్దుల తగాదాగానే కనిపిస్తుంది. టిఫిను పెట్టిన బడుల్లో 1922-23లో 811 మంది పిల్లలుంటే, 1924-25 నాటికి 1,671 మంది అయ్యారు. ఇంతకన్నా రుజువేం కావాలి? కానీ ప్రాథమిక విద్యా నిధిలోంచి తిండికి ఖర్చు పెట్టడం కుదరదని ప్రభుత్వం అడ్డుచెప్పింది. 1925 ఏప్రిల్ 1 నుంచి టిఫిను ఆగిపోయింది. రెండేళ్ల తర్వాత 25 బడుల్లో వెయ్యిమంది పేద పిల్లలకు మళ్లీ పెట్టారు.

1956లో ముఖ్యమంత్రి కామరాజ్ మద్రాసు రాష్ట్రమంతటా పేద పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. అప్పటికే ఆంధ్ర జిల్లాలు ఆ రాష్ట్రం నుంచి విడిపోయి మూడేళ్లు. మన ఊళ్లలో ఆ తర్వాతి తరాలకు గుర్తున్నది కేర్ సంస్థ పంపిన అమెరికా గోధుమ రవ్వతో చేసిన ఉప్మా, పాలపొడి కలిపిన పాలు. తమిళనాడులో 1982లో ఎం.జి.రామచంద్రన్ ఆ పథకాన్ని ఇంకా చిన్న పిల్లలకూ, ఇంకా పెద్ద ఎత్తునా విస్తరించారు.

కేంద్రం 1995 ఆగస్టు 15న ప్రాథమిక పాఠశాలల కోసం జాతీయ పథకం ప్రకటించింది. పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల ధాన్యం ఉచితం. మరి కట్టెలు, పప్పు, నూనె, వంటమనిషి కూలి? అవి రాష్ట్రాలు చూసుకోవాలి. చాలా రాష్ట్రాలు చూసుకోలేదు. పొయ్యి వెలిగించే బదులు 80 శాతం హాజరున్న పిల్లలకు నెలకు 3 కిలోల గింజలు కొలిచి ఇంటికి పంపాయి. ఆ మూడు కిలోలు ఇంట్లో అందరి కూటిలో కలిసిపోయేవి. మధ్యాహ్నం బెంచీమీద కూర్చున్న పిల్లకు మాత్రం ఆకలి ఆకలిగానే ఉండేది.

ఈ చిక్కు విప్పింది కోర్టు. 2001లో రాజస్థాన్ కరువులో కడుపు మాడుతుంటే ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం మూలుగుతోందని పౌరహక్కుల సంఘం పి.యు.సి.ఎల్. సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది నవంబరు 28న వచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఈ పథకానికి వెన్నెముక అయింది: ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక బడుల్లో వండిన అన్నమే పెట్టాలి, కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు, ఏడాదికి కనీసం 200 రోజులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి బడుల్లో అన్నం ఉడికింది. వంట బాధ్యత చాలాచోట్ల డ్వాక్రా మహిళల చేతికొచ్చింది. 2004 ఏప్రిల్‌లో కోర్టు మళ్లీ కల్పించుకుని వంట ఖర్చు తల్లిదండ్రుల నుంచి వసూలు చేయరాదని, వంటవాళ్ల నియామకంలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. ఈ రెండో మాట మొదటిదానికన్నా పెద్దది. ఎవరు వండితే ఎవరు తింటారన్న పాత ప్రశ్న నేరుగా బడి వంటింట్లోకి వచ్చింది.

ఆ ఏడాది సెప్టెంబరులో గానీ వంట ఖర్చు కింద కేంద్రం నుంచి పిల్లవాడికి రోజుకు ఒక రూపాయి కదలలేదు. తర్వాత 2013 ఆహార భద్రత చట్టం ఈ భోజనాన్ని హక్కు చేసింది. అదే ఏడాది జులైలో బిహార్‌లోని గండామన్ గ్రామంలో పురుగుమందు కలిసిన భోజనం తిని 23 మంది చిన్నారులు చనిపోయారు.

పథకం పేరు మాత్రం ప్రభుత్వంతో పాటు మారుతూ వచ్చింది. కేంద్రంలో 2021 నుంచి పీఎం పోషణ్. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో జగనన్న గోరుముద్ద, 2024 నుంచి డొక్కా సీతమ్మ పేరు. లంకల గన్నవరంలో వచ్చినవారికల్లా అన్నం పెట్టిన సీతమ్మ గారి పేరు దీనికి నప్పిందనే అంటాను. అయితే గరిట పట్టినవాళ్లకు పేరు మారినంత మాత్రాన ఒరిగిందేమీ లేదు. 2025 మే నుంచి ప్రాథమిక తరగతుల పిల్లవాడికి బియ్యం కాక వంట సరుకులకు కేంద్ర లెక్క రోజుకు 6 రూపాయల 78 పైసలు. వండే మహిళకు కేంద్ర లెక్క 2009లో నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదిలో 10 నెలలకే. తెలుగు రాష్ట్రాలు తమ వాటా కలిపి దాన్ని 3,000 చేశాయి. కేంద్ర లెక్కలోని వెయ్యి వెయ్యిగానే ఉంది.