కరోనాకు పేగుల్లోనూ తలుపులున్నాయి

2020 జనవరిలో అమెరికాలో బయటపడిన తొలి కరోనా రోగి దగ్గు, జ్వరంతో ఆసుపత్రికి వెళ్లాడు. అప్పటికే రెండు రోజులుగా వికారం, వాంతులు. చేరిన మర్నాడు విరేచనం పలచబడింది. ఆ మలాన్ని పరీక్షిస్తే అందులోనూ వైరస్ జన్యుపదార్థం కనిపించింది. మనం మాత్రం చాలాకాలం దాన్ని ఊపిరితిత్తుల జబ్బుగానే చూశాం.

వైరస్ మన కణంలోకి దూరాలంటే దాని కొమ్ము ప్రోటీన్‌కు ఏసీఈ2 అనే ప్రోటీన్ దొరకాలి. ఒంట్లో ఇది దండిగా ఉండే చోట్లలో చిన్నపేగు ఒకటి. ముఖ్యంగా దాని చివరి భాగంలో, ఆహారాన్ని పీల్చుకునే కణాల మీద పరుచుకుని ఉంటుంది. ఏసీఈ2 అక్కడ వైరస్ కోసం కూర్చోలేదు, దానికో పని ఉంది. ట్రిప్టోఫాన్ వంటి అమైనో ఆమ్లాలను లోపలికి చేరవేసే వాహక ప్రోటీన్‌ను అది నిలబెడుతుంది. ప్రయోగశాలలో మనిషి కణాలతో పెంచిన బుల్లి పేగుల్లో కూడా వైరస్ చక్కగా పెరుగుతుందని నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2020లోనే చూపించారు.

పీల్చుకునే కణాలు దెబ్బతిని, చుట్టూ వాపు వస్తే నీరు, ఉప్పు పేగులోనే మిగిలిపోతాయి. అదే నీళ్ల విరేచనం. తొలి ఏడాది వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం రోగుల్లో 17.6 శాతం మందికి జీర్ణకోశ లక్షణాలున్నాయి. ఆకలి చచ్చిపోవడం అన్నిటికన్నా ఎక్కువ. మలపరీక్షలో వైరస్ ఆనవాళ్లు మాత్రం 48.1 శాతం మందిలో దొరికాయి. అంటే కడుపులో ఏ బాధా లేనివాళ్ల పేగుల్లోకి కూడా అది వెళ్లొచ్చింది.

ఆనవాళ్లు వేరు, బతికున్న వైరస్ వేరు. దీపావళి మర్నాడు వీధినిండా టపాసుల కాగితాలుంటాయి, అవి మళ్లీ పేలవు కదా! పెద్దపేగు ద్రవాలు ఈ వైరస్‌ను చాలావరకు నిర్వీర్యం చేస్తాయి, అందుకే ఇది మలం ద్వారా పెద్దగా వ్యాపించలేదు. అయితే ఆ కాగితాలు ఇంకో పనికొచ్చాయి. 2020లో హైదరాబాద్ మురుగునీటిని పరీక్షించి అక్కడి పరిశోధనా సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు నగరంలో సుమారు 6.6 లక్షల మందికి ఇన్ఫెక్షన్ సోకి ఉంటుందని లెక్కగట్టారు.

కరోనా రోజుల్లో పట్టిన విరేచనాలన్నిటినీ వైరస్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌లు, జింక్, విటమిన్ సి అన్నీ కలిపి మింగినవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు, పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను మాత్రం చంపుతుంది. ఖాళీ కడుపున జింక్ వేసుకుంటే వికారం. విటమిన్ సి మోతాదు మించితే విరేచనాలు. కాబట్టి మందులు మొదలెట్టాక కడుపు చెడితే ముందు ఆ మందుల చీటీని డాక్టరుకు చూపించండి. కాలేయ ఎంజైములు కాస్త పెరగడమూ ఇలాంటిదే: కొంత జబ్బు వల్ల, కొంత మందుల వల్ల.

విరేచనాలకు అసలు వైద్యం ఓఆర్ఎస్. గ్లూకోజ్, సోడియం జంటగా వస్తే వాటిని లోపలికి లాక్కునే ద్వారం ఒకటి పేగు కణాల్లో ఉంది. విరేచనాలప్పుడు కూడా అది పనిచేస్తూనే ఉంటుంది, వాటి వెంట నీరూ లోపలికి వెళ్తుంది. లీటరు ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసు నీళ్లలో సగం ప్యాకెట్టు వేస్తే ద్రావణం చిక్కబడి, ఒంట్లోని నీటిని పేగులోకి లాగి విరేచనాలను పెంచుతుంది. ప్యాకెట్టు లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. వాంతులవుతుంటే చెంచా చెంచాగా తాగించండి. ఉప్పేసిన గంజి కూడా మంచిదే, గంజిలోని పిండి పేగులో గ్లూకోజే అవుతుంది. కొబ్బరినీళ్లలో సోడియం తక్కువ, వాటినే నమ్ముకోవద్దు. కూల్‌డ్రింకులైతే అసలే వద్దు.

జ్వరం ఉన్నా, రక్తం పడుతున్నా విరేచనాలు ఆపే బిళ్లలు సొంతంగా వేసుకోకూడదు. మలం తారులా నల్లగా వచ్చినా, ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోయినా, కడుపునొప్పి భరించలేనంతగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. జబ్బు తీవ్రమైనవాళ్లలో పేగులకు వెళ్లే రక్తనాళాల్లో గడ్డలు కట్టిన సందర్భాలున్నాయి. అప్పుడు కడుపు తడిమి చూస్తే మెత్తగానే ఉంటుంది, నొప్పి మాత్రం ప్రాణం తీస్తుంది.

కొందరికి జబ్బు తగ్గిన నెలల తర్వాతా ఉబ్బరం, ఒకరోజు విరేచనం, ఒకరోజు మలబద్ధకం. జబ్బు మొదలైన సుమారు నాలుగు నెలలకు తీసిన పేగు ముక్కల్లో 14 మందికి ఏడుగురిలో వైరస్ అవశేషాలు కనిపించాయి. ఈ తిప్పలు చాలావరకు మెల్లగా సర్దుకుంటాయి. బరువు తగ్గుతున్నా, అర్ధరాత్రి విరేచనం కోసం నిద్ర లేవాల్సి వస్తున్నా మాత్రం దాన్ని కరోనా తాలూకు బాధ అని వదిలేయకుండా వేరే కారణం వెతికించాలి.