"మా సిస్టంలో రన్ అయిందండీ": కంపైలర్ బిల్డ్‌ల మీద అపోహలు, వాస్తవాలు

రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ చూసి ఏరియేటర్లు ఆన్ చేసే కంట్రోలర్లకు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లోని పాత పీసీలకు సాఫ్ట్‌వేర్ బిల్డ్ చేసి, అంటే రాసిన కోడ్‌ని కంపైలర్‌తో నడిచే ప్రోగ్రాంగా మార్చి ఇవ్వడం నా పని. బిల్డ్ చేసే మెషీన్ వేరు, నడిచే మెషీన్ వేరు. కావలి, ఒంగోలు నుంచి ప్రాజెక్టుల కోసం వచ్చే పిల్లలు పొరపడేది ఎక్కువగా ఇక్కడే.

అపోహ: బోర్డు 64 బిట్ అయితే 64 బిట్ బిల్డ్ నడుస్తుంది.

రొయ్యల గుంట కట్ట మీద డబ్బాలో ఉన్న రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో "యునేమ్ -ఎమ్" కొడితే 64 బిట్ ఆర్మ్ అనే చూపిస్తుంది. కానీ అది కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) సంగతి. పైన ఉన్న లైబ్రరీలన్నీ (ప్రోగ్రాంలు వాడుకునే రెడీమేడ్ కోడ్) 32 బిట్‌వి కావచ్చు. అప్పుడు మీ ప్రోగ్రాం నడపబోతే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటుంది. ఫైల్ కళ్లెదుటే ఉంటుంది! లేనిది మీ ఫైల్ కాదు, దాన్ని లోడ్ చేయాల్సిన 64 బిట్ లోడర్. "గెట్‌కాన్ఫ్ లాంగ్_బిట్" కొట్టి చూడండి, 32 వస్తే సంగతి తేలిపోయినట్టే.

అపోహ: "-మార్చ్=నేటివ్" పెడితే ఎక్కడైనా స్పీడే.

కంపైలర్‌కి ఇచ్చే ఈ ఆప్షన్, కంపైల్ చేస్తున్న సీపీయూని చూసి, దానికున్న ఇన్‌స్ట్రక్షన్లన్నీ వాడుకుంటుంది. అవి అవతలి మెషీన్‌లో లేకపోతే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని ఆగిపోతుంది. చిక్కేమిటంటే మొదట్లోనే ఆగదు. ప్రోగ్రాం తెరుచుకుంటుంది, మెనూలు పనిచేస్తాయి. గ్రానైట్ పలక ఫొటో లోడ్ చేసి కొలత బటన్ నొక్కగానే, ఏవీఎక్స్2 (ఒకేసారి చాలా లెక్కలు చేసే ఇన్‌స్ట్రక్షన్లు) వాడిన లూప్‌లోకి వెళ్లి పడిపోతుంది. ఆపరేటరేమో ఫొటో బాగాలేదంటాడు.

ఇంటెల్‌లో ఏవీఎక్స్2 వచ్చింది 2013లో, హాస్‌వెల్ చిప్‌లతో. 2013 తర్వాత కొన్న పీసీయే కదా అని ధీమా పడకండి. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పెంటియం, సెలెరాన్ చిప్‌లకు ఏవీఎక్స్ ఇవ్వలేదు. ఫ్యాక్టరీల్లో కనిపించేవి అవే మరి. నేను "-మార్చ్=ఎక్స్86-64-వి2" దగ్గర ఆగుతాను, అది ఏవీఎక్స్ అడగదు. నిజంగా బరువైన ఒకటి రెండు ఫంక్షన్లుంటే వాటికే రెండు రకాల కోడ్ ఉంచి, నడిచేటప్పుడు సీపీయూని అడిగి ఎంచుకునేలా రాస్తాను.

అపోహ: కొత్త ఉబుంటులో బిల్డ్ చేస్తే అన్నిచోట్లా నడుస్తుంది.

తిరగేసి చదవండి. పాతదాంట్లో చేసింది కొత్తదాంట్లో సాధారణంగా నడుస్తుంది, కొత్తదాంట్లో చేసింది పాతదాంట్లో నడుస్తుందన్న గ్యారంటీ లేదు. ఉబుంటు లైనక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ గ్లిబ్‌సీ: 20.04లో 2.31, 22.04లో 2.35. హలో వరల్డ్ అనే అతి చిన్న ప్రోగ్రాం అయినా సరే, 22.04లో మామూలుగా కంపైల్ చేసి 20.04కి తీసుకెళ్తే "గ్లిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్" అంటుంది. ఎందుకంటే మెయిన్‌ను పిలిచే స్టార్టప్ ఫంక్షన్‌కే 2.34లో కొత్త వెర్షన్ వచ్చింది. టెన్షన్‌లో కొత్త గ్లిబ్‌సీ ఫైల్‌ని పాత సిస్టం మీద కాపీ చేయకండి, ఫైళ్ల జాబితా చూపే "ఎల్ఎస్" కూడా పనిచేయకుండా పోవచ్చు. కస్టమర్ల దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పాత సిస్టం ఏదో చూసి, అదే వెర్షన్ కంటైనర్‌లో (తన లైబ్రరీలతో వేరుగా నడిచే డబ్బా లాంటిది) బిల్డ్ చేయండి.

అపోహ: కంటైనర్‌లో పెడితే హార్డ్‌వేర్ గొడవ ఉండదు.

లైబ్రరీల గొడవ తగ్గుతుంది. సీపీయూ మాత్రం అదే. లేని ఇన్‌స్ట్రక్షన్ కంటైనర్‌లోనూ లేదు.

అపోహ: స్టాటిక్‌గా లింక్ చేస్తే డిపెండెన్సీలే ఉండవు.

సగం నిజం. స్టాటిక్ అంటే లైబ్రరీలను ప్రోగ్రాంలోనే కలిపేయడం. గ్లిబ్‌సీతో చేస్తే, సర్వర్ పేరు నుంచి అడ్రస్ వెతికే దగ్గర అది మళ్లీ సిస్టం లైబ్రరీల కోసం చూస్తుంది, లింకర్ ఆ హెచ్చరిక ముందే ఇస్తుంది. పూర్తిగా స్టాటిక్ కావాలంటే గ్లిబ్‌సీ బదులు వాడే మసల్ లైబ్రరీ నయం.

అపోహ: బిల్డ్‌కి ముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్ట్‌లో "--హోస్ట్" అంటే నేను కూర్చున్న కంప్యూటర్.

కాదు, ప్రోగ్రాం నడవబోయేది. మీరు కూర్చున్నది "--బిల్డ్". "--టార్గెట్" జోలికి కంపైలర్‌నే బిల్డ్ చేసేవాళ్లు తప్ప పెద్దగా ఎవరూ వెళ్లక్కర్లేదు.