జ్వాలాపురం బూడిద

బనగానపల్లె అనగానే మామిడిపండు గుర్తొస్తుంది, ఆ వెంటే యాగంటి. ఆ చుట్టుపక్కలే, నంద్యాల జిల్లాలో, జ్వాలాపురం అనే చిన్న ఊరుంది. దాని పేరు మనవాళ్లలో చాలామంది వినలేదు. ప్రపంచంలోని పురావస్తు శాస్త్రవేత్తలకు మాత్రం బాగా తెలుసు.

ఊరి పక్కన జుర్రేరు లోయలో నేల తవ్వితే లేత రంగు బూడిద పొర తగులుతుంది. కొన్నిచోట్ల దాని మందం రెండున్నర మీటర్లు. వేళ్ల మధ్య నలిపితే ముగ్గుపిండిలా రాలుతుంది. మైక్రోస్కోప్ కింద పెడితే అదంతా గాజు: పగిలిన బుడగల పెంకులు, పదునైన అంచులు. ఆ గరుకుదనం కోసమే దీన్ని తవ్వి గిన్నెలు తోమే పొడికి వాడుతూ వచ్చారు.

ఈ బూడిద మన గడ్డది కాదు. సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం బద్దలైంది. గత ఇరవై లక్షల ఏళ్లలో అంత పెద్ద విస్ఫోటనం ఇంకొకటి లేదు. రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో కొట్టుకొచ్చిన బూడిద ఇక్కడ నేరుగా రాలింది కొద్ది సెంటీమీటర్లే. గుట్టల మీద పడ్డదాన్ని వానలు కడిగి, నీళ్లు నిలిచిన ఈ పల్లానికి చేర్చాయి. అందుకే అంత మందం.

పురావస్తు శాస్త్రవేత్తలు రవి కొరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియాల బృందం ఇక్కడ తవ్వి, 2007లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రకటించింది. బూడిద కిందా రాతి పనిముట్లున్నాయి, పైనా ఉన్నాయి. రెండూ దాదాపు ఒకే తీరువి! ఆకాశం నుంచి అంత బూడిద కురిసినా, ఈ లోయలో మనుషుల బతుకు తెగిపోలేదని వాళ్ల వాదన. ఆ మనుషులు మనలాంటివాళ్లేనా, అంతకు ముందు జాతివాళ్లా? ఆ పొరల్లో ఎముకలు దొరకలేదు కాబట్టి వాదన ఇంకా నడుస్తోంది.

వాళ్లు ఇక్కడే ఎందుకున్నారో లోయను చూస్తే కొంత అర్థమవుతుంది. చుట్టూ సున్నపురాయి, క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి గుట్టలు. పనిముట్లకు రాయి కాళ్ల దగ్గరే దొరుకుతుంది. సున్నపురాయి పగుళ్లలో ఇంకిన వాన ఊటలై బయటికొస్తుంది. నీళ్లు, రాయి, నీడ ఒకేచోట దొరికితే మనిషి ఎందుకు కదులుతాడు? ఇక్కడి ఒక రాతి చరియ కింద సుమారు 35,000 ఏళ్ల నాటి సన్నని రాతి బ్లేడ్లు కూడా దొరికాయి.

గిన్నెల పొడి కోసం తవ్విన గుంతల గోడల్లోనే ఈ పొరలు బయటపడి కనిపిస్తాయి. ఒక్కో గుంత లోతైన కొద్దీ ఆ బూడిద అంత తరిగిపోతుంది కూడా.