గేటు అతుకును పెయింటుకు ముందే చూడాలి

నెల్లూరు ట్రంకు రోడ్డు మీద గోదామైనా, చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ అయినా, బరువైన ఇనప గేటు ఒరిగిందంటే ముందు పై కీలు వైపు చూడాలి. దీనికి కారణం చిన్న లెక్కలో దొరుకుతుంది. మూడు మీటర్ల వెడల్పు, 200 కిలోల బరువు ఉన్న ఒక గేటు రెక్కను తీసుకుందాం. బరువంతా మధ్యలో, అంటే కీళ్లకు మీటరున్నర దూరంలో ఉన్నట్టు లెక్క. రెండు కీళ్ల మధ్య ఎడం కూడా మీటరున్నరే అయితే, పై కీలును గేటు 200 కిలోల బలంతో స్తంభం నుంచి బయటికి లాగుతుంది, కింది కీలును అంతే బలంతో లోపలికి నెడుతుంది. నెట్టుడును నాసిరకం వెల్డింగ్ అతుకు కూడా చాలావరకు భరిస్తుంది. లాగుడు దగ్గరే దాని గుట్టు బయటపడుతుంది. కీళ్ల మధ్య ఎడాన్ని మీటరుకు తగ్గిస్తే లాగుడు 300 కిలోలవుతుంది. ముందు చెప్పిన గేటు చివర 30 కిలోల పిల్లవాడు ఎక్కి ఊగితే మరో 60 కిలోలు తోడవుతుంది.

ఇప్పుడు అతుకు బలం చూద్దాం. మూలలో ముక్కోణంగా పడే వెల్డింగ్ రెండు పలకల మీదా 6 మిల్లీమీటర్ల చొప్పున పాకితే, దాని అసలు మందం అందులో సుమారు 0.7 వంతు, అంటే 4.2 మిల్లీమీటర్లు. అలాంటి అతుకు 50 మిల్లీమీటర్ల పొడవుంటే, చదరపు మిల్లీమీటరుకు 10 కిలోలు భద్రమైన భారం అనుకున్నా, రెండు వేల కిలోలకు పైగా మోస్తుంది. కావలసినది 200 కిలోలు. అంటే పదింతల వెసులుబాటు ఉంది. వెల్డింగ్ నాణ్యతను కప్పిపుచ్చేది ఈ వెసులుబాటే. సగం సగం అతికిన కీలు కూడా మొదటి రోజు గేటును నిలబెడుతుంది. యజమాని ఒకసారి ఊపి చూసి తృప్తిపడతాడు. ఆ ఊపుడు పరీక్షకు నా దృష్టిలో విలువ లేదు.

అతుకు విరిగేది ఒక్క దెబ్బకు కాదు. తెరిచిన ప్రతిసారీ, మూసిన ప్రతిసారీ, ఈదురుగాలి కొట్టిన ప్రతిసారీ లోహం కాస్త సాగి మళ్లీ సర్దుకుంటుంది. ఎక్కడో ఒక గాటు ఉంటే బలమంతా దాని మొన దగ్గర పోగవుతుంది. అక్కడ వెంట్రుకంత పగులు పుట్టి, ఊపు ఊపుకూ కొద్దికొద్దిగా పాకుతుంది. దీన్నే లోహపు అలసట అంటారు. కాబట్టి అతుకు ఎంత లావుగా ఉందన్నదాని కంటే, పగులు మొదలయ్యే చోటు అందులో ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఆ చోట్లలో కొన్ని కంటికి కనిపిస్తాయి. అతుకు అంచు వెంట పలకలోకి దిగిన సన్నని గాడి, అంటే అండర్‌కట్, చాలా చెడ్డది. తర్వాత బుడగల రంధ్రాలు. జింకు పూత ఉన్న పైపును గీకకుండా వెల్డింగ్ చేస్తే ఇవి తరచుగా వస్తాయి. ఉక్కు కరగడానికి దాదాపు 1500 డిగ్రీల సెంటీగ్రేడు కావాలి, జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరి కరిగిన లోహంలో చిక్కుకుంటుంది. ఆ పొగ పీల్చిన మనిషికి జ్వరం కూడా రావచ్చు. రాడ్డు ఆపిన చోట చిన్న గుంట మిగిలితే, అందులో నక్షత్రం ఆకారపు పగులు ఉండవచ్చు.

కనిపించనిది మరీ ప్రమాదం. పైన వరస చక్కగా, చేపపొలుసుల్లా పడి ఉండవచ్చు. అడుగున మాత్రం పలక కరగకుండానే దాని మీద లోహం పేరుకుని ఉండవచ్చు. కరెంటు తక్కువ పెట్టినా, చెయ్యి తొందరగా నడిపినా ఇదే ఫలితం. మందమైన కీలు బద్దను పలుచని పైపుకు అతికించేటప్పుడు ఈ చిక్కు ఎక్కువ. పైపుకు చిల్లు పడుతుందన్న భయంతో వేడి తగ్గిస్తారు, బద్ద కరగదు. అందుకే అతుకు అందాన్ని నేను సగమే నమ్ముతాను. వికారమైన వరస పనితనం లేదని కచ్చితంగా చెబుతుంది. అందమైన వరస లోపల ఏముందో చెప్పదు.

అందం కోసం చేసే ఇంకో పని గ్రైండర్ పెట్టడం. చదును చేయడమంటే పైన లెక్కవేసిన 4.2 మిల్లీమీటర్లలోంచి కోసెయ్యడమే. ఆపైన పుట్టీ, రెడ్ ఆక్సైడ్, రంగు పడ్డాక చూడటానికి ఏమీ మిగలదు. కీలు దగ్గర గ్రైండర్ వద్దని ముందే చెప్పడం మేలు. అలాగని లావుగా పోయించడమూ పరిష్కారం కాదు. అతుకు కాలును, అంటే అది పలక మీద పాకే వెడల్పును, రెట్టింపు చేస్తే బలం రెండింతలవుతుంది గానీ పట్టే లోహం నాలుగింతలు. చల్లారేటప్పుడు అంత లోహమూ ముడుచుకుంటూ చట్రాన్ని తన వైపు లాగి, గేటు మూలమట్టం తప్పిస్తుంది.

మన కోస్తా గాలిలోని తేమకు ఇందులో ప్రత్యేక పాత్ర ఉంది. మందమైన పలకలకు వాడే 7018 రకం రాడ్డు పూత పొడిగా ఉంటేనే పనికొస్తుంది. పూత పీల్చిన తేమ మంటలో విడిపోయి హైడ్రోజన్ అవుతుంది, అది వేడి ఉక్కులోకి దూరుతుంది. చల్లారాక, గంటల తరవాత కూడా, అతుకు పక్కన పగుళ్లు పుట్టించగలదు. అందుకే ఆ ప్రమాదమున్న పెద్ద పనుల్లో చివరి తనిఖీని 48 గంటలు ఆగి చేస్తారు. ఇంటి గేటుకు వాడే 6013 రాడ్డు, పలుచని మెత్తని ఉక్కు విషయంలో ఈ భయం తక్కువ. మైపాడు, కొత్తపట్నం వంటి తీర గ్రామాల్లో తుప్పే పెద్ద బాధ. అంగుళం అతికించి రెండంగుళాలు వదిలేస్తే ఆ సందులో ఉప్పునీరు నిలుస్తుంది. అలాంటి ఊళ్లలో అతుకును మధ్యలో ఖాళీ వదలకుండా పొడవునా వేయాలి.

జలాశయాల గేట్ల దగ్గర ఇదే శాస్త్రం, లెక్క మాత్రం వేరు. పది మీటర్ల వెడల్పు, పది మీటర్ల ఎత్తు ఉన్న గేటు మీద నిండు నీరు 500 టన్నుల బలంతో ఒత్తుతుంది. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ జలాశయం గేట్లలో 2022 ఆగస్టు చివర ఒకటి, 2023 డిసెంబరులో మరొకటి కొట్టుకుపోయాయి. అది వెల్డింగ్ తప్పని నేను అనడం లేదు, వార్తల్లో ఎక్కువగా వినిపించింది తుప్పు, నిర్వహణ లోపం. అయితే తుప్పు ముందుగా తినే చోట్లలో నీరు నిలిచే అతుకుల సందులూ ఉంటాయి. ఇలాంటి గేట్ల కీలక అతుకుల లోపలికి అతిధ్వని తరంగాలు పంపి, పగులును తాకి తిరిగొచ్చే ప్రతిధ్వనిని తెర మీద చదువుతారు. మరికొన్నిటికి ఇరిడియం-192 అనే రేడియోధార్మిక పదార్థపు కిరణాలతో ఎక్స్‌రే లాంటి ఫిల్ము తీస్తారు.

వెల్డింగ్ షాపులో అంత అవసరం లేదు. గేటు నీటిని ఆపదు కదా! పెయింటుకు ముందు అనుమానం ఉన్న చోట ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లితే, ఉపరితలం దాకా వచ్చిన పగులు ఎర్రగీతై తేలుతుంది. ఆ డబ్బాలు బజారులో దొరుకుతాయి. అంతకంటే చవకైన పరీక్ష ఇంకోటుంది, అది గేటు మొదలుపెట్టక ముందే చేయాలి. కీలుకు వాడబోయే మందంలోనే రెండు తుక్కు ముక్కలు తీసుకుని, ఒకదాని మీద ఒకటి నిలువుగా నిలబెట్టి ఒక పక్కనే అతికించమనాలి. చల్లారాక నిలువు ముక్కను అతుకు ఉన్న వైపుకే వంగేలా సుత్తితో కొట్టి విరగ్గొట్టాలి. అప్పుడు అడుగు తెరుచుకుంటుంది. విరిగిన ముఖం నిండా గరుకైన బూడిదరంగు లోహం కనిపిస్తే పని బాగున్నట్టు. కరిగిన రాడ్డు పూత గడ్డకట్టిన నల్లని చిట్టెం గీతలు, గుండ్రని రంధ్రాలు, లేదా కత్తిరించిన పలక అంచు కరగకుండా నున్నగా అలాగే కనిపిస్తే కరెంటు పెంచి, చెయ్యి నిదానించి, ఇంకో జత ముక్కలతో మళ్లీ చేయించాలి.